మారుపేరు

విశ్వవిద్యాలయం వెలువరించిన తన తొలి పరిశోధన గ్రంథంతో ఓ యువతి దిల్‌సుఖ్‌నగర్ చేరింది. తెలంగాణ ఉద్యమంలో తమ ప్రాణాలు తీసుకున్న విద్యార్థులపై రాసిన గ్రంథమది. సగం కట్టిన మెట్రో స్తంభం కింద పూలమ్మే అండాలుకు మొదటి ప్రతి ఇచ్చింది. అందులో ఒక అధ్యాయమంతా అండాలు కొడుకు నగేశ్ గురించే.

"గింత లావుందేంది బిడ్డా! తూకానికి అమ్ముతరా?" అని నవ్వి, అండాలు తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "మావోని పేరు ఏడుందో సూపియ్యి. సదువు రాకున్నా, జర ఏలు పెట్టి సూస్కుంట."

యువతి ఆ పుట తెరిచి ఆగిపోయింది.

"అమ్మా, ఇలాంటి పుస్తకాల్లో అసలు పేర్లు వెయ్యరండీ. మీకు ఏ ఇబ్బందీ రాకూడదని మారుస్తాం. ఇందులో మీ అబ్బాయి పేరు వినయ్. మిగతాదంతా మీరు చెప్పిందే. మీ మాటలు రాసుకున్నప్పుడు మీరు వేలిముద్ర వేసిన కాగితంలో ఈ సంగతి ఉందండీ."

అండాలు ఆ అక్షరాల మీదికి వేలు చాచింది.

"ఠాణాల గూడ ఏలుముద్ర ఏసిన బిడ్డా. తెలంగాణ కోసం సచ్చిండంటె కేసైతదని వాడకట్టోళ్లు భయపెడితే, కడుపునొప్పికి తాళలేక పోయిండని రాయించిన. గా కాయితంల నగేశున్నడు, నిజం లేదు. నీ పుస్తకంల నిజమున్నది, నగేశ్ లేడు."

ఆమె వేలు పుట మీద గాలిలోనే నిలిచింది.

"ఇప్పుడు ఏలు ఏడ పెట్టమంటవ్ బిడ్డా?"