ఆలస్యంగా పలికిన మాట

గిరిధర్ అప్పా, నా కోడిగీతలు, తప్పులు మన్నించు. కంప్యూటర్ బిగుసుకుపోయింది, అందుకే కార్డు.

మీ జట్టు తయారుచేసే లినక్స్ ఇదివరకు మెమరీ నిండితే ఉన్నచోటే కుదించి సర్దుకునేది. మీ కొత్త పరీక్ష వెర్షన్ అంతా డిస్కు మీదికి తోస్తోంది. నా పాత డిస్కు ఆ బరువు మోయలేక మిషన్ నత్తలా నడుస్తోంది.

ఫోన్ చేస్తే, "రెండు జీబీ మెమరీ మిషన్ ఇంకా ఎవరింట్లో ఉండాది తాతా? వచ్చే శుక్రవారం దీన్నే అందరికీ ఖాయం చేస్తాము" అని నవ్వావు.

గొంతు ఆపరేషన్ అయ్యాక నా భార్య సత్యభామకు ఆ మిషనే గొంతు. ఆమె టైపు చేస్తే అది పలుకుతుంది.

నిన్న సాంబారులో రెండోసారి ఉప్పు వేస్తుంటే ఆమె గబగబా టైపు చేసింది. నేను వడ్డించాక మిషన్ పలికింది: "ఆగయ్యా, ఉప్పేసినావు!"

అప్పటినుంచి ఆమె టైపు చేయడం మానేసింది.

శుక్రవారంలోగా జవాబు రాయి.