కాలవ వైపు

ఏడో తరగతి లెక్కల పరీక్ష. కాపలా ఉన్న శ్యామలాంబ టీచరు పిల్లలకి వీపు తిప్పి, కిటికీలోంచి కాలవలో కొబ్బరికాయల పడవను చూస్తున్నారు.

గుమ్మంలో హెడ్మాస్టరుగారి మొహం జేవురించింది. ఆయన ఆవిడ దగ్గరికొచ్చి పళ్లు కొరికారు. "కాపీ కొట్టమనా అండీ? మెమో ఇస్తాను."

"ఆయ్, ఇవ్వండి." ఆవిడ తిరగలేదు. "ముందు బెంచీలో సువర్ణ రాస్తోందాండీ?"

"గబగబా రాస్తోంది. అయితే?"

"ఏడాదంతా పక్కనే నిలబడి నేర్పేను. ఒక్క లెక్కా రాలేదు. నిన్న నేను మంచినీళ్లకెళ్లి వచ్చేసరికి ఆరు లెక్కలూ చేసేసింది. నేను చూస్తుంటే దాని చెయ్యి ఆగిపోతోందండీ."

హెడ్మాస్టరుగారు నమ్మలేదు. సువర్ణనే చూస్తూ నిలబడ్డారు. ఆ పిల్ల తలెత్తి ఆయన్ని చూసింది. కలం ఆగిపోయింది.

ఆయన గబుక్కున కాలవ వైపు తిరిగారు.