మీటరెక్కని కరెంటు

పట్టపగలు ధనుంజయ్ బట్టల దుకాణం బోర్డు ఆరిపోయింది.

కరెంటు పోలేదు. లోపల ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ధనుంజయ్ గద్దె దిగి బయటికొచ్చాడు. అనుకున్నదే. చీపుర్లు అమ్మే ముసలి హన్మా స్తంభానికున్న డబ్బా తెరిచి, స్విచ్చు పిడి కిందికి గుంజి, ఏమీ ఎరగనట్టు తన కట్టల ముందు కూర్చుంటున్నాడు.

ఆ పిడి వీధి లైట్లది. తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు మాట. సూర్యాపేటలో కోతలు జోరుగా ఉన్న కాలం. అయినా ఆ బజార్లో వీధి లైట్లు, కరెంటున్నంతసేపూ రాత్రనక పగలనక మండేవి. ఆర్పే దిక్కు లేదు.

ధనుంజయ్‌కు అది కలిసొచ్చింది. ఆ తీగకే గుట్టుగా ఒక వైరు తగిలించి, బోర్డు చుట్టూ బల్బులు పెట్టించాడు. మీటరెక్కని కరెంటు. ఎదురుగా కొత్తగా అద్దాల షోరూం పడింది. తన బోర్డు ధగధగలాడకపోతే గిరాకీ రోడ్డు దాటిపోతుందని ఆయన భయం.

"మల్ల బంద్ చేసినవా హన్మా?"

"ఎండ గింత ఉండంగ బుగ్గలెందుకు సేటు?"

"మండితే నీకేంది? నీ అయ్య సొమ్మేమన్న పోతున్నదా?"

"అవు సేటు," అన్నాడు హన్మా, చీపురు పుల్లలు సర్దుకుంటూ.

చీరలు చూస్తున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి బజారంతా హన్మాకు 'కరెంటు దొర' అని పేరు పెట్టింది. దొరవారు దయచేశారంటే దొరవారు దయచేశారని ఒకటే వేళాకోళం.

సాగర్ దిక్కు నుంచి వచ్చే హాలియా బస్సులో దిగుతాడని తప్ప ఆయన సంగతి ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లూ లేరు.

ఆ వారంలోనే కాలేజీ ఆడపిల్లలు ఇద్దరొచ్చారు. సోలార్ కరెంటు మీద, పొదుపు మీద పట్నం జనం ఏమనుకుంటున్నారో అడిగి తెలుసుకుంటున్నారట. ధనుంజయ్ వాళ్లకు కూల్‌డ్రింకులు తెప్పించాడు. మండుతున్న బోర్డు కింద నిలబడి, కరెంటు పొదుపు చేయకపోతే దేశం ఆగమైపోతుందని చాలాసేపు చెప్పాడు. సోలార్ సంగతి ఎత్తితే మాత్రం జర తగ్గాడు.

"మంచిదేనమ్మా. ముందుగాల ఆ షోరూమోళ్లను పెట్టనీ. వాళ్లది కాలకుంటే అప్పుడు మనం సూద్దాం."

వాళ్లలో సంగీత అనే పిల్ల పోతూ పోతూ హన్మా ముందు గొంతుకూర్చుంది.

"తాతా, నువ్వేమంటవ్?"

హన్మా ముఖం విప్పారింది. తలపాగా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆయనకు జర తిక్క బిడ్డా," అన్నాడు ధనుంజయ్ గద్దె మీది నుంచే. "ఎండల కూసోకు, పోరి."

పిల్ల మొహమాటపడి లేచిపోయింది. చెప్పడానికి తెరిచిన నోరు హన్మా మెల్లగా మూసుకున్నాడు.

ఆషాఢం వచ్చింది, బజార్లో సగం ధరల అమ్మకాలు మొదలయ్యాయి. ఏడాది గిరాకీకి ప్రాణం ఆ నెలే. హన్మా మాత్రం పిడి గుంజడం మానలేదు. బెదిరిస్తే నవ్వేవాడు. తోలేస్తే మళ్లీ వచ్చేవాడు.

ధనుంజయ్ దుకాణంలో పనిచేసే ముఖేష్‌ను పిలిచి, ఆ పిడిని ఊడబీకి పారెయ్యమన్నాడు. ఇనుప ముక్కలు బయటికే ఉంటాయి, ఎవరన్నా ముట్టుకుంటే ఎట్ల అని ముఖేష్ గొణిగాడు.

"బుద్ధున్నోడెవడన్న అండ్ల చెయ్యి పెడ్తడార?"

మర్నాడు పొద్దుటినుంచే ముసురు. హన్మా తడిసిన కట్టలు దించి, డబ్బా తెరిచి, పిడి కోసం లోపల తడిమాడు.

ధనుంజయ్ వచ్చేసరికి జనం మూగి ఉన్నారు. బోర్డు మండుతూనే ఉంది.

పిచ్చోడు, కరెంటుతోని ఆటలాడిండు, పోయిండు అని తలా ఒక మాట అన్నారు. ముఖేష్ సేటు ముఖంలోకి చూశాడు. సేటు అటు తిరగలేదు.

కబురందుకొని హన్మా కూతురు జమ్లీ మధ్యాహ్నానికి దవాఖానకు చేరింది. ధనుంజయ్ కూడా పోయాడు. ఎవరూ రమ్మనలేదు, ఉండబట్టలేక పోయాడు. కొత్త తెల్లబట్ట తెచ్చాడు. ఆటో మాట్లాడాడు.

జమ్లీ తమ్ముడు గుంటూరు మిర్చి యార్డుకు కూలికి పోయాడట, రేపు గాని రాలేడట. ఆ మాట విని ధనుంజయ్‌కు కొంచెం ఊపిరాడింది. తాను చేయగలిగింది ఇంకొకటి దొరికింది.

"ఫ్రీజర్ బాక్స్ పంపిస్త చెల్లె. కిరాయి నాది. నీ తమ్ముడు వచ్చేదాక మీ అయ్యకు ఏం కాదు."

"అది కరెంటు మీదనే నడుస్తది గద సేటు. వద్దు."

"కోతలున్నయా? మీ దిక్కు ఎన్నింటికి పోయి ఎన్నింటికి వస్తది?"

జమ్లీ ఆయన ముఖంలోకి చూసింది. కోపం లేదు, తెలియనివాడికి తెలియజెప్పే ఓపికే ఉంది.

"పోవుడు వచ్చుడు లేదు సేటు... కరెంటు తీస్తరని సాగర్ కట్ట కట్టి మా అయ్య వాళ్లయ్య ఇల్లు, చెల్క భూమి, తండా మొత్తం నీళ్లల్ల ముంచి మమ్ముల గుట్టెక్కిచ్చిండ్రు, ఆ గుట్ట మీదికి ఇంకా తీగే రాలె."