లేని కాపలాదారు

"నూట పన్నెండో పేజీ. చదువు," అంటూ జర్నలిస్టు ఆ కొత్త పుస్తకాన్ని భార్య ముందుకు విసిరాడు.

ఆవిడ ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. సంగతి రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇదీ: కూలిన వంతెన గురించి జర్నలిస్టు ముప్పయ్యేళ్ళ కిందట రాసిన పుస్తకంలో, సిమెంటు బస్తాలు దాటించడం కళ్ళారా చూశాడన్న కాపలాదారు అసలు లేనే లేడు. ఆ లేని మనిషి మాట మీదే ఓ ఇంజనీరు జైలుకెళ్ళాడు. ఈ కొత్త పుస్తకం రాసింది ఆ ఇంజనీరు కూతురు.

జర్నలిస్టును తిట్టినవాళ్ళు తక్కువేం కాదు. కోర్టుకీడ్చారు, కిటికీ అద్దాలు పగలగొట్టారు. అన్నిటికీ మీసం మెలేసిన మనిషికి ఇవాళ మాత్రం కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఎందుకంటే ఈసారి తన గురించి రాసింది నిజం.

"ఈ సంగతి తెలిసింది ఇద్దరికే," అన్నాడు. "ఒకణ్ణి నేను. రెండోది, నా పుస్తకం టైపు చేసిన నువ్వు."

"నేను చెప్పలేదండీ."

"మరి గోడలు చెప్పాయా? ఆ పిల్ల మనింటికి రెండుసార్లు వచ్చిందట. ఎదురింటాయన చూశాడు."

"వచ్చింది. మంచినీళ్ళిచ్చి పంపించేశాను."

"నీళ్ళతో పాటు నన్నూ ఇచ్చి పంపించావు."

ఆవిడ పుస్తకాన్ని ఆయన వైపు జరిపింది. "ఎవరు చెప్పారో పుస్తకం వెనక రాసే ఉంటుంది కదా. చూశారా?"

"ఆధారాల పట్టికలు పని లేనివాళ్ళు చదువుకుంటారు. నా పుస్తకాల్లో ఏనాడైనా పెట్టానా?" ఆయన గోడ మీది ఫోటో వైపు చెయ్యి చూపించాడు. తన నోటు పుస్తకాలన్నీ నగర గ్రంథాలయానికి బహూకరించిన రోజు తీసిన ఫోటో అది. "ఆ రోజు నా పక్కన నిలబడ్డావు. ఊరంతా నా మీద పడ్డా నువ్వున్నావనుకున్నాను. చివరికి నువ్వే వెన్నుపోటు పొడిచావు."

ఆవిడ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసింది. సగం ఇస్త్రీ అయిన చొక్కా మడతపెట్టి బల్ల మీద ఉంచింది. లోపలికెళ్ళి చిన్న సంచీతో బయటికొచ్చింది.

"అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఆ కాపలాదారుని ముప్పయ్యేళ్ళు కడుపులో దాచుకున్నాను. ఇక నా వల్ల కాదు."

తలుపు నెమ్మదిగా మూసుకుంది. తప్పు చేసింది కాబట్టే వెళ్ళిపోయిందనుకున్నాడు జర్నలిస్టు. ఆవిడ పేరు అచ్చులో చూపించి మరీ నిలదీయాలని, కసిగా చివరి పేజీలు తిరగేశాడు. నూట పన్నెండు దగ్గర వేలు ఆగింది.

"ఆధారం: గ్రంథాలయంలోని ఆయన నోటు పుస్తకాల్లో తొమ్మిదోది. ఆయన చేతిరాతే: 'కాపలాదారు కల్పితం. ఇంట్లో ఆవిడ వద్దని ఏడుస్తోంది. అయినా పెడుతున్నాను.'"