చౌరస్తాలో అక్క

మిల్లు ఆడవాళ్ళ సమ్మెలో అక్క మొదటిసారి గొంతెత్తిన చౌరస్తాలోనే, ఆమె పోయిన ఏడాదికి విగ్రహం పెడతామని ఊరి పెద్దలు కమిటీ వేశారు. ఫొటోల కోసం శిల్పి మా ఇంటికొచ్చాడు.

ఉన్నవన్నీ మంచం మీద పరిచాను. ఏది చూసినా అక్క నోరు తెరిచే ఉంది, మెడ నరాలు ఉబ్బి, జుట్టు రేగిపోయి.

"నోరు మూసుకుని ఉన్నది ఒక్కటైనా లేదా అమ్మా?" అని అడిగాడు.

"పోలీసుల వల్లే కాలేదు బాబూ, ఫొటోలు తీసేవాడి వల్ల అవుతుందా?" అన్నాను.

అతను నవ్వలేదు. "అరుస్తున్న ఆడమనిషి నడిరోడ్డు మీద బాగుండదంటున్నారు కమిటీ పెద్దలు. ముఖం శాంతంగా ఉండాలట." తల వంచి నన్ను పరీక్షగా చూశాడు. "మీ ఇద్దరిదీ ఒకే పోలిక. కాస్త ఆ కిటికీ దగ్గర కూర్చుంటారా?"

కూర్చున్నాను. మా ఇంటి నోరంతా అక్కకిచ్చేసి, నన్ను నోట్లో నాలుక లేనిదాన్ని చేశాడు దేవుడు. వద్దనడం నాకెప్పుడు చేతనయింది కనక?

ముసుగు తీసిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. "అచ్చం ఆవిడే!" అన్నారు.

ఇవాళ మిల్లులోంచి గెంటేసిన ఆడవాళ్ళంతా వచ్చి ఆ విగ్రహం కిందే కూర్చున్నారు. పోలీసులు ఒక్కొక్కరినీ జుట్టు పట్టి ఈడ్చారు. ఒక పిల్ల మాత్రం విగ్రహం పాదాలు వదల్లేదు. "అమ్మా, నువ్వుంటే చూస్తూ ఊరుకునేదానివా!" అని గొంతు చించుకుంది. ఆ పిల్లనీ ఈడ్చుకుపోయారు.

కూరల సంచితో నేను ఎదురుగా బస్టాపులో ఉన్నాను.

దిమ్మె మీదా నేనే, బస్టాపులోనూ నేనే. ఇద్దరం నోరు మెదపలేదు.