ఇప్పటి స్టైలు

"వాడి భుజం మీదినుంచి ఆ సంచి తియ్యమను. లేదంటే నేనిట్లే తిరిగి మనూరు కొత్తకోట బస్సెక్కేస్తా," అన్నాడు గంగాధరం, భార్య వసంతమ్మతో.

నలుగురూ అప్పుడే మదనపల్లె బస్టాండులో దిగారు. రెండడుగుల ముందు కొడుకు భరత్, తన భార్య రమ్యశ్రీ హ్యాండుబ్యాగును భుజానికి తగిలించుకుని, ఆమె చేయి పట్టుకుని నడుస్తున్నాడు. అదీ గంగాధరం కోపం. పట్టుచీరలు నేసే నీరుగట్టువారిపల్లెలో కొత్త కోడలికి చీర తీయాలని పొద్దున్నే అందరినీ తొందరపెట్టిన మనిషి, ఇప్పుడు చీర మాటే మరిచిపోయాడు.

ఆ మాట కొడుకు చెవిన వెయ్యాల్సింది వసంతమ్మే. మొగుడి మాటను కాస్త మెత్తబరిచి చెప్పింది. భరత్ నవ్వేసి సంచి అట్లే ఉంచుకున్నాడు. రమ్యశ్రీ నొచ్చుకోలేదు. వెనక్కి తిరిగి, "బెంగుళూరులో అందరూ ఇట్లే నడుస్తారు మామా. పెండ్లాం సంచి మోసేవాడే ఇప్పుడు కూల్," అంది.

గంగాధరానికి మింగుడు పడలేదు. ఒకప్పుడు పుంగనూరులో ఉన్న రోజుల్లో తన వయసు కుర్రాళ్లకు స్టైలంటే అతనే. చెవులు మూసే జుట్టు, పై గుండీలు విప్పిన చొక్కా, వెనక్కి తిరిగి చూడని నడక. పెళ్లాం పక్కన నడిచేవాడు కనబడితే బజారంతా నవ్వేది. అందుకే పెళ్లయిన కొత్తలో జాతరకు పోయినా అతను ముందు, వసంతమ్మ వెనక. జనంలో ఆమె తప్పిపోయి వెతుక్కుంటుంటే కూడా అతను తల తిప్పలేదు.

అప్పటినుంచి ఆమె ఎక్కువగా చూసింది అతని వీపునే. చొక్కాలు మారాయి, జుట్టు నెరిసింది. మధ్యలో ఆ ఎడం మాత్రం తగ్గలేదు.

పిల్లలిద్దరూ రోడ్డు దాటేశారు. అవతల కోడలేదో చెబుతుంటే కొడుకు వంగి వింటున్నాడు. ఎవరూ నవ్వడం లేదు. కాలేజీ పిల్లలు కొందరు చూసి ముచ్చటపడుతున్నారు కూడా. ఒక్కనాడు, ఒక్క వీధి చివరిదాకా అయినా తన మొగుడు కూడా అట్లా నడిచి ఉంటే ఏం పోయేదని వసంతమ్మ అనుకుంది.

రోడ్డు అంచున గంగాధరం ఆగాడు. ఆటోలు, టమాటా బండ్లు ఎడతెగకుండా పోతున్నాయి. ఆమె అలవాటు కొద్దీ వెనకే నిలబడింది.

"ముందుకు రామ్మే. నా పక్కకు రా," అన్నాడు.

తనకు సరిగా వినపడలేదేమో అనుకుంది. అతను ఆమె చేతి సంచి అందుకుని తన భుజానికే తగిలించుకున్నాడు. ఆ తర్వాత చేయి పట్టుకున్నాడు. నడి బజారులో. వసంతమ్మ కొంగు సర్దుకుంటూ జనం చూస్తున్నారని గొణిగింది. చూడనీ అన్నాడు.

"కోడలి మాట బాగానే ఎక్కిందే నీకు," అంది, సిగ్గుపడి నవ్వుతూ.

గంగాధరం ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"శానా దినాలుగా కండ్లు మసకలు మే. ఎదురుగా వచ్చే బండి కూడా ఆనడంలే. పిల్లోళ్లకు చెప్పొద్దు. స్టైలుకు పట్టుకున్నట్లే పట్టుకోని, నన్ను దాటించు."