బుధవారం సూటు

మంగళవారం సాయంత్రం టీ తాగుతూ సిడ్ సూటు అడిగాడు.

“రేపు మధ్యాహ్నానికి తీసి పెట్టవే. చావుకెళ్ళాలి.”

హెట్టీ కప్పు కింద పెట్టేసింది. “ఎవరు పోయారు?”

“మా బొగ్గు డిపో ముసలి జార్విస్. పడుకున్నవాడు లేవలేదట.”

“పాపం,” అంది హెట్టీ. అందులో సగం జార్విస్‌కి, సగం తనకి.

సూటు మంచం కింద పెట్టెలో లేదు. రైలు వంతెన అవతల తాకట్టు కొట్లో ఉంది. ప్రతి సోమవారం అది అక్కడికి వెళుతుంది. దాని మీద వచ్చిన డబ్బు ఇంటద్దెకు పోతుంది. శనివారం సిడ్ జీతం చేతికివ్వగానే హెట్టీ దాన్ని విడిపించుకొస్తుంది. ఆదివారం సిడ్ అది తొడుక్కుని, మీసం దువ్వుకుని, పిల్లల్ని పార్కుకు తీసుకెళతాడు. లండన్‌ లాంబెత్‌ పేటలో ఆ వీధి ఆడవాళ్ళందరిదీ ఇదే వరస. మగవాళ్ళకు చెప్పరు. సిడ్‌కి అసలే చెప్పకూడదు. పక్కవీధిలో ఇలాంటి గొడవే అయినప్పుడు, “నా కోటు కొట్టుకెక్కిన రోజు నేనీ గడప తొక్కను,” అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషి.

బుధవారం పొద్దున సిడ్ వీధి మలుపు తిరగ్గానే హెట్టీ పక్కింటి తలుపు కొట్టింది.

“ఫ్లో, నీ ఇస్త్రీపెట్టెలు ఇయ్యవే. ఆ గోడ గడియారం కూడా.”

“గడియారమా! మా ఆయన అడిగితే?”

“బాగుచేయించడానికిచ్చానను.”

“అది ఆగిపోయి ఏడాదైంది. ఇన్నాళ్ళూ పట్టనిది ఇవాళ పట్టిందంటే నాకు పిచ్చెక్కిందనుకుంటాడు.”

“అనుకోనీ. శనివారం కుదురుతుంది.”

ఇస్త్రీపెట్టెలు, గడియారం, తన మంచం మీది దుప్పటి. అవి చాలవని పెద్దపిల్ల బూట్లు కూడా మూటలో పడ్డాయి. పిల్లకు జ్వరమని బడికి కబురు వెళ్ళింది.

తాకట్టు కొట్టాయనను ఆ చుట్టుపక్కల అందరూ మామ అనే పిలుస్తారు. అతను మూట విప్పి చూశాడు.

“బుధవారం వచ్చావేంటమ్మా? వారాలు మర్చిపోయావా?”

“ఇవి పెట్టుకుని సూటియ్యి మామా.”

“ఈ గడియారం నడవదు.”

“నడిచేదైతే నీ దగ్గరికెందుకొస్తుంది?”

మామ గొణుక్కుంటూనే సూటు తెచ్చిచ్చాడు.

సిడ్ వచ్చేసరికి సూటు దులిపి మంచం మీద పరిచి ఉంది. అతను కోటు ఎత్తి వాసన చూశాడు.

“ఏంటిది, నలుగురి బట్టల వాసన?”

“చిమ్మెటలు పట్టకుండా కలరా ఉండలు వేశాన్లే. నీ ముక్కు కుక్క ముక్కు!”

సిడ్ నవ్వలేదు. సూటు మడిచి కాగితంలో చుట్టాడు. “దార్లో దుమ్ము. వాళ్ళింటి దగ్గరే తొడుక్కుంటా,” అని చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. జార్విస్ కొడుక్కి ఒంటిమీదకు సరైన కోటు లేదని, ఆదివారం చర్చికి వేసుకెళతానని అరువడిగితే ఇచ్చానని చెప్పాడు. హెట్టీ టీ పోసిచ్చింది. పరువు దక్కింది, అదే చాలు.

ఆ వారం సిడ్ మొహానికి మసి పెద్దగా అంటలేదు. సబ్బు అరగలేదు. హెట్టీ దానికీ సంతోషించింది.

శనివారం సిడ్ ఎప్పటిలాగే డబ్బు బల్లమీద పెట్టాడు. జార్విస్ చావుకు పూలదండ చందాకని కూడా తగ్గించలేదు. హెట్టీ పరుగున వెళ్ళి ఇస్త్రీపెట్టెలు, గడియారం, దుప్పటి, బూట్లు విడిపించుకుంది. మూట కట్టుకుని వెనక్కి తిరిగింది.

“మరి సూటు?” అన్నాడు మామ.

“సూటు నీ దగ్గరెందుకుంటుంది మామా? మతి పోయిందా?”

“బుధవారం మధ్యాహ్నం మీ ఆయనే తెచ్చి పెట్టాడుగా తల్లీ, డిపోలో పని పోయిందట, శనివారం నీ చేతిలో డబ్బు తగ్గితే నీకు తెలిసిపోతుందన్నాడు.”